పదడుగుల ఫ్రేము, మూడు గుడ్డముక్కలు

హాలు నేల మీద సుద్దగీత అలాగే ఉంది. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మూడు రోజులుగా ఇంట్లో ఎవరూ దాన్ని తొక్కడం లేదు. వంటింట్లోకి పోవాలన్నా, వీధి తలుపు తీయాలన్నా గోడవారగా చుట్టు తిరిగి పోతున్నారు.

ఇంకా ఇంటికి రాని ఫ్రేముకు ఇంత మర్యాద జరగడం చూసి మరోసారైతే బొంతలమ్మ పడీపడీ నవ్వేది. కానీ మూడు రోజుల కిందట, బీరువా జరిపి, పుస్తకాల అలమరాను మేడగదికి చేర్చి, కొడుకు నడుం పట్టుకుని కూలబడిన క్షణాన, "నాకు మిషనూ వద్దు, ఫ్రేమూ వద్దు" అని అందరి ముందూ అనేసింది తానే. ఆ తరువాత నవ్వడానికి ఇంట్లో ఎవరికీ మొహం చెల్లలేదు.

"నీ అభ్యంతరమేమిటో చెప్పు," అన్నారు ఆవిడ భర్త. గొంతులో కోపం లేదు. అది మొదటి రోజే అయిపోయింది. "చోటు చాలదంటావా, గీసి చూపించాను. చప్పుడంటావా, దుకాణంలో పావుగంట నిలబడి వినొచ్చాను, మన మిక్సీ కంటే నయం. మోకాళ్ళంటావా, నేల మీద పాకే పని తప్పించడానికే కదా ఇదంతా."

"నాకెందుకో వద్దనిపిస్తోంది."

"అనిపించడం కొలత కాదోయ్."

"అన్నీ మీ టేపుకి దొరుకుతాయా?"

"దొరకనివీ ఉంటాయి. వాటిలో ఒకటి చెప్పు, నోరు మూసుకుంటాను."

ఆవిడ బల్ల మీది మగ్గును ఎడమ చేత్తో తీసుకుని, గీత చుట్టూ తిరిగి, వంటింట్లోకి నడిచింది.

నలభై ఏళ్ళుగా ఆవిడ పని బొంతలు కుట్టడం. పాత చొక్కాల్లో, దుప్పట్లలో చిరగని భాగాలు, దర్జీ దుకాణాల్లో మిగిలిన పేలికలు ఏరుకొచ్చి, ముక్కలు అతికి పైగుడ్డ తయారుచేస్తుంది. మధ్యన దూది పరిచి, కింద అడుగుగుడ్డ వేసి, మూడు పొరలూ కదలకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి కుడుతుంది. అసలు కష్టమంతా ఈ ఆఖరి పనిలోనే ఉంది. మంచమంత బొంతను చుట్టలు చుట్టి ఇంటి మిషన్ చెయ్యి కింద దూర్చడమంటే, పరుపును పోస్టుడబ్బాలో వేయబోవడమే.

అందుకే పదకొండేళ్ళుగా అడుగుతోంది. బొంత ఫ్రేములో బిగిసి ఉండాలి, మిషనే పట్టాల మీద అటూ ఇటూ తిరగాలి, తాను నిలబడి రెండు పిడులు పట్టుకుని బొమ్మ గీసినట్టు కుట్టాలి. బొమ్మను కంప్యూటరే గీసి కుట్టే మిషన్లు వచ్చాయని ఎవరో చెబితే, "అన్నీ అదే చేస్తే మధ్యన నేనెందుకు, స్విచ్చి నొక్కడానికా?" అంది కూడాను.

ఆ మనిషే ఇప్పుడు వద్దంటోంది. కారణం ఆవిడకొక్కదానికే తెలుసు.

పోయిన వానాకాలంలో ఒకనాడు టీ తెస్తుంటే సాసరులో కప్పు గలగలమంది. ఏదో పరధ్యానమనుకుంది. వారం తరువాత మళ్ళీ గలగలమంది. కుడి చెయ్యి దేనికైనా ఆనుకుని ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది; గాల్లో దేన్నైనా పట్టుకుంటే సన్నగా వణుకుతుంది. ఆ నెలలోనే కప్పులూ సాసర్లూ అలమరా పై అరకు చేరాయి, బరువైన మగ్గులు కిందికి దిగాయి. ఇవైతే టీ చల్లారదని ఆవిడ చెబితే అందరూ నమ్మారు.

చేతికుట్టుకు మణికట్టు ఒడిలో ఆనుతుంది. ఇంటి మిషన్ మీద అరచేతులు గుడ్డను అదిమి ఉంటాయి. అక్కడ ఏమీ బయటపడదు. ఫ్రేము ముందు నిలబడి పిడులు పట్టుకుంటే మాత్రం, చేతిలో ఉన్నదంతా గుడ్డ మీదికి దిగుతుంది.

ఆవిడ దాచింది జబ్బుకు జడిసి కాదు, మంచితనానికి జడిసి. పెద్దక్కయ్యకు ఇలాగే మొదలైనప్పుడు ఇంట్లోవాళ్ళంతా మంచివాళ్ళు కావడమే ఆమె కొంప ముంచింది. తెగుతుందేమోనని కత్తి తీసుకున్నారు. కాలుతుందేమోనని కెటిలు తీసుకున్నారు. గుచ్చుకుంటుందేమోనని సూది తీసుకున్నారు. అన్నీ ప్రేమతోనే. చివరికి అక్కయ్య చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కావలసినవన్నీ ఆమె దగ్గరికే నడిచి వచ్చేవి. అలా ఏడేళ్ళు కూర్చుంది.

పైగా ఈ ఇంట్లో ఎవరి కన్ను కప్పాలో ఆ ఇద్దరూ కప్పడానికి వీల్లేని కళ్ళున్నవాళ్ళు. కోడలు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. గుమ్మంలోంచి వచ్చే మనిషి నడక చూసి ఏ మోకాలు నొప్పో చెప్పేస్తుంది. భర్త అంతకంటే ప్రమాదం. భూమి కంపాలను నమోదుచేసే కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారాయన. తిరిగే కాగితపు గొట్టం మీద సూది గీసిన గీతను చదవడమే ఉద్యోగం. ఏ వణుకు దారినపోయే లారీది, ఏది గాలిది, ఏది నిజంగా భూగర్భంలోంచి వచ్చిందో గీత చూసి చెప్పేవారు. తలుపైనా చప్పుడు కాకుండా వేసే ఆ మనిషిని వీధివాళ్ళు భూకంపంగారంటారు. "మా అక్కా బావా ఇద్దరూ సూదుల మీదే బతికారు" అని ఆవిడ తమ్ముడి వేళాకోళం.

అటువంటి మనిషి ముందు నిలబడి ఇప్పుడు ఆవిడ తన చేత్తో గీత గీయాలి.

"బొటనవేలు నొప్పన్నారు. చూశాను, ఏమీ లేదు," అంటూ కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఇక మిగిలింది మొండితనం ఒక్కటే అత్తయ్యా. దానికి నా దగ్గర వ్యాయామం లేదు."

"ఉంటే ముందు మీ మావయ్య చేత చేయించు."

"ఆయన చేత మూడు రోజుల్నుంచి గోడవార నడక మీరు చేయిస్తూనే ఉన్నారుగా."

బొంతలమ్మకు నవ్వొచ్చింది. పళ్ళెం కడుగుతున్న నెపాన అటు తిరిగి ఆపుకుంది.

"దుకాణాయన ఇవాళ సాయంత్రం దాకానే ఆ ఫ్రేము ఆపుతానన్నాడు. ఎవరో హాస్టలువాళ్ళు అడుగుతున్నారట. నాకు మధ్యాహ్నం ఖాళీ. ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడండి. చూశాక కూడా వద్దంటే ఆ సుద్దగీత నేనే తుడిచేస్తాను. మావయ్యని మాట కూడా అననివ్వను."

రానంటే ఎందుకు రావని ఇంకో నాలుగు ప్రశ్నలు పుడతాయి. చూడటం వేరు, ముట్టుకోవడం వేరు అని బొంతలమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది.

"సరే, పద," అంది.

దుకాణమంటే రేకుల షెడ్డు. యజమాని ఒకప్పుడు పరుపుల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసిన మెకానిక్కు. చేతిలో నూనెడబ్బా లేకపోతే ఆయనకు మాట తిన్నగా రాదు. షెడ్డు మధ్యన పదడుగుల ఫ్రేము, దానికి మూడు ఇనుపరోలర్లు, వాటి మధ్య బిగించిన తెల్లగుడ్డ. ఫ్రేముకు సరిపడే మిషన్లు రెండున్నాయి. ఒకటి కొత్తది, తెల్లగా, తేలిగ్గా, ముందు చిన్న తెరతో ఉంది. కావాలంటే దానంతటది కుడుతుంది, కాదంటే చేత్తో నడపవచ్చు. రెండోది పాతది, పోత ఇనుముతో చేసినది, బూడిదరంగు అక్కడక్కడ లేచిపోయింది. దాన్ని చేత్తో తప్ప నడపడానికి లేదు.

భూకంపంగారు నమస్కారం కూడా చెప్పకుండా సంచీలోంచి రసమట్టం తీసి పట్టాల మీద పెట్టారు. గాలిబుడగ రెండు గీతల మధ్యన సరిగ్గా నిలబడింది. రెండో చివరా పెట్టి చూశారు.

"మట్టం బాగుంది. పట్టాల్లో వంకర లేదు."

"కొనడానికొచ్చారా సార్, తనిఖీకొచ్చారా?" అన్నాడు మెకానిక్కు.

"రెండూను. సూది నుంచి వెనక స్తంభం దాకా పద్దెనిమిదంగుళాల ఖాళీ అని రాశారు. అది రోలరు ఉత్తిగా ఉన్నప్పటి మాట. కుట్టిన బొంత ఆ ఖాళీలోనే చుట్టుకుంటూ వస్తుంది కదా. మా ఇంట్లో పెద్ద బొంతను కర్టెన్ గొట్టానికి చుట్టి చూశాను, నాలుగంగుళాల లావైంది. చివరి వరసకొచ్చేసరికి మిగిలేది పద్నాలుగే."

"పాతికేళ్ళలో ఈ సంగతి అడిగింది మీరొక్కరే సార్. మిగతావాళ్ళు రంగు అడుగుతారు."

"పద్నాలుగు చాల్లెండి. మా ఆవిడ కుట్టే అన్నిటికంటే పెద్ద పువ్వు పన్నెండు."

పువ్వును ఆయన ఎప్పుడు కొలిచారో బొంతలమ్మకు తెలియదు. మూడు రోజులుగా ఈ మనిషితోనేనా సూటిగా మాట్లాడకుండా ఉన్నాను అనుకుంది. కుడి చెయ్యి పైట కొంగులో చుట్టుకుని, ఫ్రేముకు రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

మెకానిక్కు కొత్త మిషన్‌ను ఒక్క వేలితో తోశాడు. అది నీళ్ళ మీద ఆకులా జారిపోయింది. "కుట్టు పొడవు సంగతి మిషనే చూసుకుంటుందమ్మా. మీరు నడిచినా పరుగెత్తినా కుట్లు ఒకే సైజులో పడతాయి. గీత మాత్రం మీ చేతిదే."

"ఒక పరీక్ష చేద్దాం," అన్నారు భూకంపంగారు. ఆయన అలా అంటారని ఆవిడకు ఇంటి దగ్గరే తెలిసి ఉండవలసింది. "ఒక్కరు కుట్టి చూస్తే ఏమీ తేలదు. బాగా వస్తే మిషన్ గొప్పో మనిషి గొప్పో చెప్పలేం. ఒకే గుడ్డ, ఒకే దారం, జానెడు తిన్నని గీత. ఈ కొత్తదాని మీదే ముగ్గురం కుడదాం."

కోడలు ముందు నిలబడింది. గీత బయలుదేరినప్పుడు బాగానే ఉంది. రానురాను ఎడమకు ఒరిగి, చివర్లో గతుక్కుమని ఆగింది.

"బస్సు తప్పినవాడి నడకలా ఉంది," అంది తనే. ఆయన ఆ ముక్కను కత్తిరించి, మూలన పెన్సిలుతో ఒకటి అంకె వేశారు. ఇంతలో ఆమెకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. చెవిన పెట్టుకుని బయటికి నడిచింది. కింది దారం అయిపోవస్తోందని, ఉన్నంతలో కానివ్వమని చెప్పి మెకానిక్కు దారం తేవడానికి లోపలికి వెళ్ళాడు.

భూకంపంగారు కుట్టారు. పెన్సిలుకు స్కేలు ఆనించి గీసినట్టు వచ్చింది. రెండు అంకె వేశారు.

"ఇక నువ్వు."

"నాకొద్దండీ."

"జానెడే కదా."

"చూస్తానన్నాను. కుడతానన్నానా?"

"నలభై ఏళ్ళు కుట్టినదానివి. జానెడు గీతకి ఇంత ఆలోచనా?"

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే తిట్టి తప్పించుకునేది. ఆయనకు నిజంగానే అర్థం కావడం లేదు. అర్థం కానిదాన్ని వదిలిపెట్టి పోవడం ఆయనకు పుట్టుకతో రాలేదు.

ఆవిడ పిడులు పట్టుకుంది. వేగంగా లాగేస్తే ఏమీ కనబడదని తెలుసు. సగం జానెడు ఒక్క ఊపున లాగేసింది.

"అంత వేగమైతే ఏం తెలుస్తుంది? నెమ్మదిగా."

మిగిలిన సగం నెమ్మదిగా కుట్టింది. సూది టకటకమంటూ దిగుతోంది. చేతిలోని వణుకు పిడిలోకి, పిడిలోంచి మిషన్‌లోకి, మిషన్‌లోంచి దారంలోకి ఒక్క మెలిక కూడా పోకుండా దిగడం ఆవిడ కళ్ళారా చూసింది. ఎనిమిది నెలలుగా దాచిన వణుకు తెల్లగుడ్డ మీద నల్లదారంతో పడుతోంది.

ఆయన ముక్క కత్తిరించారు. జేబులోంచి భూతద్దం తీశారు. వెలుతురుకేసి తిప్పి పట్టుకున్నారు.

లెక్కపెట్టేటప్పుడు ఆయన పెదవులు కదులుతాయి. ఉద్యోగం రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఇప్పుడూ కదిలాయి. తరువాత ఆగాయి. పెన్సిలు తీసి ముక్క మూలన ఆనించారు. అంకె వేయలేదు. పెన్సిలును మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

ఆవిడ వైపు ఆయన చూడలేదు. చూడకపోవడంతోనే ఆవిడకు తెలిసిపోయింది.

"ఏమైంది, ఎవరు గెలిచారు?" కోడలు ఫోను సంచీలో పడేసుకుంటూ వచ్చి, ముక్కలు మూడూ చేతిలోకి తీసుకుంది. నవ్వుతూ మొదలుపెట్టిన మొహం మూడో ముక్క దగ్గర ఆగిపోయింది. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది. వేలు పెట్టి గీత వెంబడి నడిపింది.

"ఇదేంటి ఇలా వచ్చింది? పట్టాలు వంకరేమో."

ఆయనకు దారి దొరికింది. ఔనంటే సరిపోయేది. మెకానిక్కు ఇంకా లోపలే ఉన్నాడు, వాదించేవారు లేరు. కానీ తప్పు లేని పరికరం మీద నేరం మోపడం ఆ మనిషి ఎన్నడూ చేసిన పని కాదు.

"పట్టాలు బాగానే ఉన్నాయి," అన్నారు. "అది నాది."

"మీదా?"

"ఆఁ."

"మరి ఈ రెండో నంబరు?"

"మీ అత్తయ్యది."

బొంతలమ్మ కుడి చెయ్యి మళ్ళీ పైట కొంగులో చుట్టుకుంది.

"మావయ్యా, ఒక్కసారి చేతులు చాపండి."

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నారు. "దుకాణంలో ఏమిటమ్మా. ఇంటికెళ్ళాక చూద్దువుగాని."

కోడలు రెట్టించలేదు. ఆసుపత్రిలో మొండి రోగులను చూసి చూసి ఆమెకు ఓపిక అలవాటైంది. మళ్ళీ ఫోను తీసి, నాలుగడుగులు పక్కకు జరిగి, మెల్లగా ఎవరితోనో మాట్లాడింది. "రేపు పది గంటలకా? వస్తాం" అన్న మాట ఒక్కటే ఇటు వినబడింది.

భూకంపంగారు ఈలోగా పాత మిషన్ దగ్గరికి వెళ్ళారు. పిడి పట్టుకుని తోశారు. అది విసుక్కుంటూ కదిలినట్టు కదిలింది. ఆపారు. మళ్ళీ తోశారు. పిడి మీద వేళ్ళతో గబగబా కొట్టి చూశారు. మిషన్ చలించలేదు.

"దీని బరువెంత?"

"కొత్తదానికి రెండింతలు సార్," అన్నాడు దారపుఉండతో వచ్చిన మెకానిక్కు. "మీకది వద్దులెండి, పాతకాలం సరుకు. రోజంతా తోస్తే భుజాలు లాగేస్తాయి."

"ఇదే ఇవ్వండి. రేపు మధ్యాహ్నానికి బిగించాలి."

"మొన్నటి దాకా కొత్తదే అన్నారుగా మావయ్యా," అంది కోడలు. గొంతు మామూలుగా లేదు, మెత్తబడింది. రోగులతో మాట్లాడే గొంతు అది.

"మొన్న తోసి చూడలేదు," అన్నారాయన.

ఇంటికి వచ్చేసరికి ఐదయింది. కోడలు తన గదిలోకి పోయి తలుపు చేరవేసుకుంది. పనిలో ఉన్న మొగుడితో ఫోనులో మాట్లాడుతోంది. మాటలు హాలులోకి వస్తూనే ఉన్నాయి. "నాన్నగారి చెయ్యి... కాదు, నేనే చూశాను... ఆయన్ని నువ్వు కంగారుపెట్టకు."

భూకంపంగారు సుద్దగీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బొంతలమ్మ గీతకు ఇవతల నిలబడింది.

"ఎందుకలా చెప్పారు?"

"ఏమని?"

"మీదని."

"ఆ పూటకి తోచింది."

"ఇన్నాళ్ళు కాపురం చేశాను. మీకు ఆ పూటకి ఏదీ తోచదు."

ఆయన జేబులోంచి అంకె లేని ముక్కను తీసి మోకాలి మీద పరిచారు. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క కాగితం మీద ఒక్క గీత దిద్దలేదు. ఇవాళ పేరు మార్చాను. ఏమవుతుందో అనుకున్నాను. భూమేమీ కదల్లేదు."

"ఎన్నాళ్ళ నుంచని అడగరా?"

"సాసర్లు పైకెక్కినప్పటి నుంచి. దారిలో లెక్క కట్టుకున్నాను. ఎనిమిది నెలలు." గుడ్డముక్క అంచును సరిచేశారు. "ఎక్కడో వేల మైళ్ళ అవతల కొండ కదిలితే పట్టుకున్నవాణ్ణి. ఇంట్లో సాసర్లు మాయమైతే, టీ చల్లారదంటే నమ్మాను."

లోపల కోడలు ఎవరికో ఔనౌనంటోంది.

"ఆ పాత ఇనుము ఎందుకు తీసుకున్నారు?"

"బరువు కోసం. మా కేంద్రంలో యంత్రానికి గుండె ఒక బరువే. చుట్టూ నేల అదిరినా అది తొందరపడి కదలదు. తేలికైన మిషన్ నీ చేతిలో ఉన్నదంతా గుడ్డకి చెప్పేస్తుంది. బరువైనది చిన్నచిన్నవి తనలోనే ఉంచుకుంటుంది. పూర్తిగా కాదు. సగానికి తగ్గొచ్చు, తగ్గకపోనూ వచ్చు. కుట్టి చూస్తే గాని తేలదు."

"కంప్యూటరుదే తీసుకుని ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు."

"మధ్యన నేనెందుకు, స్విచ్చి నొక్కడానికా అన్నది నువ్వే కదా."

ఆవిడ తల దించింది. ఎదురుగా నేల మీద ఫ్రేముకు గీసిన గీతకు ఇవతల, తాను నిలబడి ఉన్నచోట, ఇంకో సన్నని గీత కూడా ఉంది. మూడు రోజులుగా చూడలేదు. మనిషి నిలబడి అటూ ఇటూ నడవడానికి రెండడుగుల దారి. అదీ కొలిచే గీశారు.

"రేపు పది గంటలకు నరాల డాక్టరు నా చేతులు చాపమంటాడు," అన్నారాయన. "చాపుతాను. కొయ్యలా ఉంటాయి. నా అబద్ధానికి అంతవరకే ఆయుష్షు. అప్పుడు అమ్మాయి ఈ ముక్క ఎవరిదని మళ్ళీ అడుగుతుంది. రెండోసారి నా వల్ల కాదు."

"బెదిరిస్తున్నారా?"

"టైము చెబుతున్నాను."

"చెబితే సూది లాక్కుంటారు. మా అక్కయ్య దగ్గర లాక్కున్నట్టు." బొంతలమ్మ గొంతు తగ్గించింది. "మీరూ ఉన్నారప్పుడు. కెటిలు ఆవిడ చేతిలోంచి దించింది మీరే."

ఆయన మోకాలి మీది గుడ్డముక్కను మడిచి జేబులో పెట్టుకున్నారు.

"దించాను," అన్నారు. "సాయమనుకున్నాను. ఆవిడను అడగలేదు."

"నన్నడుగుతారా?"

"అడుగుతాను. ఏది చెయ్యగలవో, ఏది చెయ్యలేవో నువ్వు చెప్పిందే లెక్క. అమ్మాయి అడుగుతుందో లేదో నాకు తెలియదు. అబ్బాయి సంగతీ తెలియదు. తెలియనిదానికి హామీ ఇవ్వలేను."

ఇంకొకరైతే ఇచ్చేవారు. నాదీ పూచీ అనేవారు. అలా అనకపోవడం ఆవిడకు కోపమూ తెప్పించింది, ఎక్కడో కాస్త ధైర్యమూ ఇచ్చింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొయ్యి మీద టీ మరిగింది. మగ్గులు రెండూ గట్టు మీద సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ వాటి వంక కాసేపు చూసింది. తరువాత స్టూలు జరుపుకుని ఎక్కి, అలమరా పై అర తలుపు తీసింది. ఎనిమిది నెలల దుమ్ము. ఒక కప్పు, ఒక సాసరు దించి, కడిగి, తుడిచింది. ఇన్నాళ్ళుగా ప్రతి మగ్గులోనూ సగమే పోస్తూ వచ్చింది. ఇప్పుడు కప్పు అంచు దాకా పోసింది.

సాసరును కుడి చేత్తో పట్టుకుంది.

చప్పుడు వంటింటి గుమ్మం దగ్గరే మొదలైంది. మొదట సన్నగా, పళ్ళు కొరికినట్టు. హాలులోకి వచ్చేసరికి ఖాళీ గోడలు దాన్ని రెట్టింపు చేశాయి. బీరువా లేదు, పుస్తకాలు లేవు, మింగేవి ఏవీ ఆ గదిలో మిగల్లేదు. ఆవిడ గోడవారగా తిరగలేదు. సుద్దగీతను తొక్కి, దీర్ఘచతురస్రం మధ్యలోంచి తిన్నగా నడిచింది. టీ సాసరులోకి చింది, సాసరులోంచి వేలి మీదికి కారింది. ఆపలేదు.

భూకంపంగారు కుర్చీలోంచి లేచారు. చెయ్యి దానంతటది కప్పు కోసం ముందుకు రాబోయింది. ఆయన దాన్ని చూసుకున్నారు, వెనక్కి తీసుకున్నారు.

లోపల ఫోను మాటలు ఆగాయి.

"ఏంటా చప్పుడు?" అంది కోడలు గదిలోంచి. మంచం దిగిన అలికిడి, వెనకే చెప్పుల అలికిడి. "మావయ్యా, కప్పు పట్టుకున్నది మీరేనా?"

ఆయన నోరు తెరిచారు. బొంతలమ్మ ఎడమ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. కప్పును మాత్రం కింద పెట్టలేదు.